ఏ కారణమైనా సరే

మా ఇంట్లో ఎవరికీ కజిన్లు లేరు. పెద్దమ్మ కొడుకు అన్నయ్య, పిన్ని కూతురు చెల్లి, మేనమామ కొడుకు బావ. అమెరికా వచ్చాక ఆఫీసులో వాళ్లకి చెప్పడానికి ఆ మాట వాడతాం గానీ ఇంటి గడప లోపలికి అది రాదు. కిందటేడు జనవరిలో ఒక ట్రావెల్ ఇన్సూరెన్స్ పాలసీ ముందేసుకుని 'ఫ్యామిలీ మెంబర్' అనే పదానికి వాళ్లిచ్చిన నిర్వచనం చదువుతుంటే నాకు మొదట తట్టింది ఇదే. పావు పేజీ పొడవున్న ఒకే ఒక్క వాక్యం అది. భార్య లేదా భర్త, అమ్మానాన్నలు, పిల్లలు, తోబుట్టువులు, తాతమ్మమ్మలు, మనవలు, అత్తమామలు, ఆఖరికి సవతి తల్లీ, పెంపుడు కొడుకూ కూడా ఉన్నారు. కజిన్ లేడు. అంటే మా అన్నయ్యల్లో సగం మంది లేరన్నమాట.

ఆ కాగితాలు నా దగ్గరికి ఎందుకొచ్చాయంటే, పెదనాన్నకి షష్టిపూర్తి. సత్రవూ పందిరీ వద్దు, అందరం కలిసి ఎటైనా పోదాం అన్నాడాయన. అమెరికాలో నాలుగు ఊళ్లలో ఉన్న వాళ్లందరినీ ఐదు రోజులు ఒకే చోట కదలకుండా కూర్చోబెట్టాలంటే నీళ్ల మధ్యలో పెట్టడమే మార్గమని తేల్చింది మా వదిన. టెక్సస్‌లో గాల్వెస్టన్ దగ్గర షిప్పెక్కి మెక్సికోలో కోజుమెల్ దాకా వెళ్లి రావడం. పదమూడు మంది, ఐదు గదులు, జులైలో ప్రయాణం. తలా 250 డాలర్లు డిపాజిట్ కట్టేశాం. ఇంక మిగిలింది ఇన్సూరెన్స్. "నువ్వు కథలవీ చదువుతావుగా, ఇదీ చదివి పెట్టు" అని నాకు పంపించారు.

అసలు ఇన్సూరెన్స్ ఎందుకో అందరికీ తెలుసు, ఎవరూ అనలేదు. తణుకులో మా అమ్మమ్మకి ఎనభై నాలుగు. గుండె బలహీనపడింది, కాళ్లకి నీరు దిగుతుంది. మావయ్య దగ్గర ఉంటుంది. ఆవిడ కూతుళ్లు ఇద్దరూ ఇక్కడే: పెద్దమ్మ న్యూజెర్సీలో, మా అమ్మ ప్లేనోలో అన్నయ్య వాళ్లింట్లో, గ్రీన్ కార్డు వచ్చి ఐదేళ్లయింది. అమ్మమ్మకి ఏమైనా అయితే ఇద్దరూ పరిగెత్తాలి. పెద్దమ్మ పరిగెడితే షష్టిపూర్తి దంపతుల్లో సగం లేనట్టే. ఇంక షిప్పెక్కేదెవరు?

"ఏమైనా అయితే" అన్నాను కదా. మనకి ఇంతకంటే సూటిగా అనడం రాదు. నా చిన్నప్పుడు తాతయ్య దగ్గరికి ఎల్లైసీ ఏజెంటు ఒకాయన వచ్చేవాడు. రెండు చేతుల మధ్య దీపం బొమ్మ ఉన్న ఫైలు ఒకటి పట్టుకుని, "రేపు జరగరానిది జరిగితే..." అని మొదలుపెట్టి, ఆ వాక్యం పూర్తి చేయకుండానే ప్రీమియం సంగతిలోకి దూకేవాడు. జరగరానిది జరిగితే! రాకూడదని ముందే చెప్పేసి, ఆ తర్వాత వస్తే అనడం. పైన తథాస్తు దేవతలు వింటుంటారని వాళ్ల కోసం వేసిన తెర అది. బీమా ఉంటే ధీమా అని ప్రాస కలిపి ప్రకటనలు రాసుకున్నాం గానీ, పర్షియన్‌లో బీమ్ అంటే భయం. ఆ రెంటిలో నాకెందుకో ఆ పాత అర్థమే నిజాయితీగా అనిపిస్తుంది.

అమెరికా పాలసీకి ఈ తెర లేదు. చనిపోతే అని రాస్తుంది, ఆస్పత్రిలో చేరితే అని రాస్తుంది. ఎవరు, ఎప్పటి నుంచి, ఏ జబ్బు అని అడుగుతుంది. మామూలు పాలసీ డబ్బు తిరిగివ్వాలంటే మనం మానుకోవడానికి కారణం వాళ్ల జాబితాలో ఉండాలి. దాన్ని కవర్డ్ రీజన్ అంటారు. ప్రయాణం చేయని కుటుంబసభ్యుల చావూ, ప్రాణం మీదికొచ్చిన జబ్బూ ఆ జాబితాలో సాధారణంగా ఉంటాయి. కానీ పక్కనే ఇంకో మెలిక. ముందు నుంచే ఉన్న జబ్బయితే ఇవ్వరు. ముందు నుంచే అంటే? పాలసీ కొన్న రోజు నుంచి వెనక్కి లెక్కపెడతారు. కంపెనీని బట్టి అరవై రోజుల నుంచి నూట ఎనభై దాకా. మేం చూసినదాంట్లో నూట ఇరవై. ఆ రోజుల్లో జబ్బు ముదిరినా, కొత్త మందు రాసినా, ఉన్న మందు మోతాదు మార్చినా అది పాత జబ్బు కిందే లెక్క. ప్రయాణం కట్టినవాళ్లకే కాదు, తణుకులో మంచం మీదున్న మనిషికీ ఇదే లెక్క.

దీన్ని దాటడానికి ఒక దారి ఉంది. మొదటి డిపాజిట్ కట్టిన రెండు మూడు వారాల్లోపల, తిరిగిరాని ఖర్చు మొత్తానికీ పాలసీ తీసుకుంటే, కొనేనాటికి ప్రయాణికులు ఆరోగ్యంగా ఉంటే, ఆ పాత జబ్బు షరతు ఎత్తేస్తారు. మాకు గడువు పద్నాలుగు రోజులు. వదిన కార్డు మీద అన్ని గదులకీ డిపాజిట్ పడి అప్పటికే తొమ్మిది రోజులైంది.

పదో రోజు మావయ్యకి ఫోన్ చేశాను. అమ్మమ్మ మందుల చీటీ ఫోటో పెట్టమన్నాను. ఎందుకన్నాడు. షిప్పుకి అని చెప్పడానికి నోరు రాలేదు, చూద్దామని, అన్నాను. డిసెంబర్లో నీరు పోయే మాత్ర సగం నుంచి ఒకటి చేశారట. "మాత్ర పెంచాక బానే ఉంది, నిన్న తనే లేచి తులసికోట దాకా నడిచింది" అన్నాడు సంతోషంగా. ఆయనకి అది మంచి కబురు. నా ముందున్న కాగితానికి మోతాదు మార్పు.

ఇంక అసలు తలనొప్పి బాబాయితో వచ్చింది. బాబాయి నాన్న తమ్ముడు, అట్లాంటాలో ఉంటాడు. అమ్మమ్మకి ఏమైనా అయితే నాకూ, అన్నయ్యకీ, పెద్దమ్మ కూతురు అక్కకీ ఆవిడ అమ్మమ్మ, జాబితాలో ఉంది. వదినకి మొగుడి అమ్మమ్మ, మా పాలసీలో అదీ ఉంది. నాన్నకీ పెదనాన్నకీ అత్తగారు. మరి బాబాయికి? అన్నగారి భార్య తల్లి. ఇంగ్లీషులో ఆ చుట్టరికానికి పేరు లేదు. బాబాయి ఆవిణ్ణి ముప్పై ఏళ్లుగా అత్తయ్యగారూ అనే పిలుస్తున్నాడు. ఉద్యోగం లేని రోజుల్లో నాలుగు నెలలు తణుకులో ఆవిడ చేతి అన్నం తిన్నాడు. మేమంతా మానుకుంటే తనొక్కడూ పిన్నినీ కొడుకునీ తీసుకుని షిప్పెక్కి బఫే ప్లేటు పట్టుకునే మనిషి కాదు. పాలసీ ప్రకారం మాత్రం ఆ ముగ్గురూ ఏ కారణమూ లేకుండా మానుకున్నట్టే.

నేనేదో వాళ్లకి మనుషుల విలువ తెలీదని అనడం లేదు. ఎక్కడో ఒక చోట గీత గీయకపోతే ఏ కంపెనీ నడవదు. మనమూ గీశాం. మైల సంగతి చూడండి. మా ఇళ్లల్లో జ్ఞాతులకి పది రోజులు, పెళ్లయిన కూతురికి మూడు. మొహం కూడా ఎరగని జ్ఞాతికి పదీ, కన్న కూతురికి మూడూ. అదీ ఒక నిర్వచనాల పేజీయే. బాబాయి దాంట్లోనూ లేడు. తేడా ఏమిటంటే మైల లేనివాణ్ణి వెళ్లి వంటవాడికి సామాను తెచ్చిపెట్టకుండా ఎవరూ ఆపరు.

దీనికీ పాలసీలో ఒక అతుకు ఉంది. 'ఏ కారణంతోనైనా రద్దు' అని వేరే కట్టించుకునేది. అదీ డిపాజిట్ కట్టిన కొత్తలోనే, పూర్తి ఖర్చు మీదే తీసుకోవాలి. మామూలు ప్రీమియం మీద దాదాపు సగం ఎక్కువవుతుంది. ప్రయాణానికి కనీసం నలభై ఎనిమిది గంటల ముందు రద్దు చేసుకోవాలి. పెట్టినదాంట్లో సగం నుంచి ముప్పావు దాకా వెనక్కొస్తుంది. షిప్పు కంపెనీలు తామే అమ్మే ప్లాన్లలో కూడా ఇలాంటిది ఉంటుంది, అయితే అక్కడ చాలావరకు డబ్బు చేతికివ్వరు. మళ్లీ వాళ్ల షిప్పే ఎక్కడానికి క్రెడిట్ ఇస్తారు. అందుకని బయటిదే చూశాం. మాకు దొరికింది ముప్పావు.

పదకొండో రోజు రాత్రి అందరం వీడియో కాల్ పెట్టుకున్నాం. ఏ కారణంతోనైనా అనేది బాబాయి వాళ్లకి చాలు, మిగతావాళ్లకి మామూలుది సరిపోతుంది అన్నాడు అన్నయ్య. లెక్క ప్రకారం సరైనదే. గదికి ఇద్దరి చొప్పున ధర కాబట్టి ఒకరు మానేస్తే రెండో మంచం ఖరీదు మిగిలినవాళ్ల మీద పడే వీలుంటుందని నేను అంటున్నాను, పిన్ని ఎవరి మంచం అంటోంది, పెదనాన్న నా పుట్టినరోజుకి ఇన్ని లెక్కలా అంటున్నాడు. అప్పటిదాకా మాట్లాడకుండా కూర్చున్న అమ్మ, "నాకూ అదే తీయి" అంది.

"నీకెందుకమ్మా? అమ్మమ్మ నీకు సొంత తల్లి, మామూలుదాంట్లోనే కవరవుతుంది."

"తీయమన్నాను కదా."

పెద్దమ్మ ఏదో అనబోయి, పొయ్యి మీద పాలున్నాయని లేచి వెళ్లిపోయింది. అమ్మకి ఆ అదనపు ముక్క ముప్పై డాలర్లయింది. పదమూడో రోజున కొన్నాను.

ఏప్రిల్లో మిగతా డబ్బు కట్టాం. అమ్మమ్మ బానే ఉంది. మే నెల ఎండల్లో కూడా బానే ఉంది. మేం షిప్పులో వేసుకోవడానికి ఒకే రంగు టీషర్టులు కుట్టించడం దగ్గర గొడవ పడేంత బానే ఉంది. జులైలో, ప్రయాణం ఇంకా తొమ్మిది రోజులుందనగా, అమ్మ నన్ను పిలిచి తణుకు వెళ్తానంది.

"ఏమైంది?"

"ఏం కాలేదు. బానే ఉందట. మాట్లాడుతోందట, ఆవకాయ అడిగిందట. ఇప్పుడే వెళ్లాలి."

నాకు అర్థం కావడానికి కాసేపు పట్టింది. మామూలు పాలసీ ప్రకారం అమ్మ డబ్బు వెనక్కి రావాలంటే అమ్మమ్మ పోవాలి, లేదంటే ఆస్పత్రి మంచం ఎక్కాలి. ఆవకాయ అడిగే మనిషిని చూడ్డానికి వెళ్లడం ఏ జాబితాలోనూ లేదు. తాతయ్య పోయినప్పుడు అమ్మ వెళ్లేసరికి ఐస్ బాక్సు చుట్టూ జనం. అప్పట్లో అర్ధరాత్రి టికెట్లకీ, వీసా స్టాంపింగుకీ ఎంత కష్టపడిందో నేను చూశాను. ఆ వెళ్లడానికైతే అందరి దగ్గరా కారణం ఉంటుంది. ఆఫీసు సెలవిస్తుంది, ఇన్సూరెన్సు డబ్బిస్తుంది, అవసరమైతే ఎంబసీ కూడా కదులుతుంది. జనవరిలో, ఎవరూ ఏమీ అడక్కముందే, ఇంకో రకం వెళ్లడానికి అమ్మ ముప్పై డాలర్లు కట్టి పెట్టుకుంది.

"ఎంత పోతుంది?" అంది.

టికెట్ సుమారు తొమ్మిది వందలు. చివరి రెండు వారాల్లో మానుకుంటే షిప్పువాళ్లు ఏమీ ఇవ్వరు, పోర్టు పన్నులు తప్ప. మిగిలినదాంట్లో ముప్పావు పాలసీ ఇస్తుంది. "రెండొందల పైన పోతుంది" అన్నాను. అమ్మ అలవాటుగా రూపాయల్లోకి మార్చుకుంది. "పోనీ" అంది.

పెద్దమ్మతో చెప్పడమే కష్టమైంది. పెద్దమ్మ కిందటి నవంబర్లో వెళ్లి నెల రోజులుండి వచ్చింది, తప్పు పట్టడానికేం లేదు. అయినా చెల్లెలు వెళ్తోందంటే తను షిప్పెక్కడం ఎలా కనిపిస్తుందో అని బాధ. "నాకెందుకు తీయలేదే ఆ పాలసీ?" అని నన్నడిగింది. వెళ్లాలని అడిగిందో, వెళ్లలేకపోవడానికి ఒక సాకు కావాలని అడిగిందో నాకిప్పటికీ తెలీదు. పెదనాన్న నువ్వు కూడా వెళ్లు అన్నాడు, నిజంగానే అన్నాడు. వెళ్లలేదు. ఐదు రోజులూ ఆవిడ డెక్కు మీద రెయిలింగు పక్కన ఫోను పైకెత్తి సిగ్నల్ కోసం తిరగడం నేను చూశాను. షిప్పు వైఫై కొనిపెడతామంటే డబ్బు దండగంది.

నాన్న షిప్పెక్కాడు. అమ్మే పంపించింది, ఆయనకి సముద్రమంటే సరదా అని. బాబాయి కొడుకుని ఆయన గదిలోకి మార్పించాం. వాడు రాత్రి రెండింటి దాకా బయట తిరిగి వస్తే, ఈయన లైటు వేసుకుని కూర్చుని, "మీ పెద్దమ్మ ఉంటే నాకు చెప్పేది" అనేవాడట. దేని గురించో ఇద్దరికీ తెలీదు.

కోజుమెల్లో దిగాక సిగ్నల్ వచ్చింది. అమ్మ వీడియో కాల్ చేసింది. అమ్మమ్మ మంచం మీద కూర్చుని ఉంది, జడ వేసి ఉంది. ఎన్నాళ్లయిందో ఆ తలకి జడ వేసి. "మీ అమ్మ ఎందుకొచ్చిందో చెప్పట్లేదే" అని నాతో ఫిర్యాదు చేసింది. "అల్లుడితో గొడవ పడిందా?"

వెనకనుంచి అమ్మ గొంతు. "ఊరికే వచ్చానని చెప్పాను కదమ్మా. ఊరికే."

క్లెయిము నేనే పెట్టాను. రద్దు చేసిన తేదీ, కట్టిన రసీదులు, షిప్పువాళ్లు ఎంత ఉంచుకున్నారో చూపించే కాగితం, అంతే. కారణానికి ఒక గడి ఉంది గానీ అమ్మ తీసుకున్నదాంట్లో అది నింపక్కర్లేదు. ఖాళీగా వదిలేశాను. ఆరు వారాలకి చెక్కు వచ్చింది. అమ్మ అప్పటికింకా తణుకులోనే ఉంది.

అమ్మమ్మకి ఈ మార్చి వస్తే ఎనభై ఆరు. బాబాయి ఇప్పుడు అలాస్కా అంటున్నాడు, అదీ షిప్పే. గ్రూపులో రేట్లు పెట్టాడు. ఎవరైనా డిపాజిట్ కడితే అదే రోజు నాకు చెప్పండి, పద్నాలుగు రోజులు లెక్కపెట్టుకోవాలి అని రాశాను. పెద్దమ్మ రాత్రి పదకొండింటికి విడిగా మెసేజ్ పెట్టింది: ఈసారి నాకు కూడా.