పాటల దారిన దివిసీమకు

“మాస్టారూ, మీకు ఏ పాటలంటే ఇష్టం? శాస్త్రీయమా, సినిమా పాటలా?” అని మొన్న క్లాసులో ఒక అమ్మాయి అడిగింది. ఇరవై ఏళ్ళుగా తెలుగు పాఠాలు చెపుతున్నవాణ్ణి గదా, తడుముకోకుండా జవాబు చెప్పడం అలవాటైపోయింది. ఈ ప్రశ్నకు మాత్రం తడుముకొన్నాను. ఎందుకంటే, దీనిమీద మా ఇంట్లో ఏళ్ళ తరబడి యుద్ధం జరిగింది. నాన్నగారికి త్యాగరాజ కీర్తన తప్ప తక్కినదంతా గోల. నాకు ఘంటసాల పాట ఉంటే అన్నం కూడా అక్కరలేదు. రేడియో మీట నేను ఒకవైపు తిప్పితే ఆయన రెండోవైపు తిప్పేవారు. అమ్మ ఏ పక్షానా చేరలేదు. వంటింట్లో తన పాట తాను పాడుకొనేది. అది ఊడ్పుల పాట. నాన్నగారు దాన్ని పాటల లెక్కలో వేయలేదు. నిజం చెప్పవద్దూ, నేనూ వేయలేదు.

ఆ పాటలో ఒక పిల్లను ఏటి అవతలి ఒడ్డుకు ఇచ్చారు. సంక్రాంతికి పుట్టింటికి తీసుకుపోవడానికి అన్న బయలుదేరాడు. రేవుకు వచ్చాడు, పడవ ఎక్కాడు, పడవ నడి ఏట్లోకి వచ్చింది. అంతే! అమ్మ అక్కడ ఆగిపోతుంది. దివిసీమలో పుట్టింటివాళ్ళ చేలగట్టు మీద కూర్చుని, చిన్నతనంలో ఊడ్చే ఆడవాళ్ళ నోట విని నేర్చుకొన్నది అంతవరకే. ముందు చెప్పి పాడించే మనిషి 1977 నవంబరు 19 నాటి ఉప్పెనలో పోయింది. “అన్న వచ్చాడా అమ్మా?” అని చిన్నప్పుడు నేను అడిగితే, “ఏమోరా, నాకు తెలియదు” అనేది.

నాన్నగారు పోయి ఏడాది దాటింది. ఈమధ్య అమ్మకు పాట పడవదాకా కూడా రావడం లేదు. నడుమ రెండు చరణాలు జారిపోయాయి. మరి కొన్నాళ్ళకు రేవే మిగలదేమోనని నాకు భయం పట్టుకొన్నది. శ్రావణమాసంలో రెండు రోజుల సెలవు కలిసి వచ్చింది. ఊడ్పుల వేళ గదా అని అమ్మను వెంటబెట్టుకొని గుడివాడలో బందరు రైలు ఎక్కాను.

గుడివాడ అంటే నా పాటల లోకానికి రాజధాని. ఈ దగ్గరలోని చౌటపల్లిలోనే 1922 లో ఘంటసాల వెంకటేశ్వరరావుగారు పుట్టారు. విజయనగరంలో మధుకరం ఎత్తుకొని, అంటే ఇంటింటా అన్నం అడుక్కొని తింటూ, పట్రాయని సీతారామశాస్త్రిగారి వద్ద సంగీతం నేర్చుకొన్నారు. అక్కినేని నాగేశ్వరరావుగారిదీ గుడివాడ ప్రాంతమే. 1953 నాటి దేవదాసులో తెరమీద గుడివాడ సీమవాడు కన్నీరు పెట్టిస్తే, తెర వెనుక మరో గుడివాడ సీమవాడు పాడాడన్నమాట. ఆ గొంతు కాఫీ హోటల్లో వినిపించింది, పెళ్ళిపందిట్లో వినిపించింది. ఎవరింట్లోనైనా మనిషి పోతే, భగవద్గీత శ్లోకాలుగా అక్కడా వినిపిస్తున్నది. నాన్నగారు పోయిన రోజున మా ఇంటిముందూ అదే మోగింది. జీవితమంతా ఆ గొంతుతో పోట్లాడిన మనిషిని ఆ గొంతే సాగనంపింది.

చిలకలపూడి రాగానే అమ్మ పాండురంగస్వామి గుడివైపు తిరిగి దండం పెట్టుకొన్నది. ఇక్కడి భజనలు ఒకసారి విన్నవాడికి తాళం చెవుల్లోనుంచి పోదు. చేతిలో చిడతలుంటే చాలు, పాడటం రాకపోయినా ఫరవాలేదు. నా పాటల జాబితాలో భజనకు చోటు దొరకడానికి ఆ ఉదారగుణమే కారణం.

బందరులో దిగి, లడ్డూ పొట్లం కట్టించుకొని, ఊళ్ళోకి నడిచాము. హిందూ హైస్కూలులో చెళ్ళపిళ్ళ వెంకటశాస్త్రిగారు తెలుగు పండితులుగా పనిచేసిన ఊరిది. తిరుపతి వేంకటకవుల పాండవోద్యోగ విజయాల పద్యాలు రానివాడు ఒకప్పుడు ఈ జిల్లాలో మొగమెత్తుకొని తిరిగేవాడు కాదు. పద్యం చదివినంతసేపు ఒక వంతు, చివర రాగం తీసినంతసేపు మూడు వంతులు. జనం “వన్స్‌మోర్” అంటే చచ్చిపోయిన పాత్ర సైతం లేచి మళ్ళీ పాడవలసిందే! ఇక్కడి నాటక కంపెనీకి రాసి చేయి తిరిగిన పింగళి నాగేంద్రరావుగారే తరువాత 1957 లో మాయాబజారుకు మాటలూ పాటలూ రాశారు. ఆ పాటల్లోని చమత్కారానికి నాటకాల బందరే పుట్టిల్లని నా నమ్మకం.

మర్నాడు పొద్దున్నే బస్సులో కూచిపూడి, అక్కడినుంచి మువ్వ. పదిహేడో శతాబ్దంలో క్షేత్రయ్య తన పదాలన్నిటికీ ముద్ర చేసుకొన్న మువ్వగోపాలుడి ఊరిది. ఆ పదాలు తంజావూరు నాయకరాజుల కొలువుదాకా వెళ్ళాయి. అరవదేశంలో దేవదాసీల కుటుంబాలు వాటిని కంటికి రెప్పలా కాపాడాయి. పుట్టింట్లో మరచిపోయినా అత్తింట బతికాయి. కూచిపూడిలో సిద్ధేంద్రుడి భామాకలాపం మాత్రం పుట్టింట్లోనే తరతరాలు నిలిచింది. వేదాంతం సత్యనారాయణశర్మగారు సత్యభామ వేషం కడితే ఆడవాళ్ళే ఆ నడక చూసి నేర్చుకొనేవారట. ఇదంతా నేను అమ్మకు పాఠం చెప్పినట్టు చెప్పాను. ఆమె అంతా విని, “అయితే వీళ్ళందరిదీ ఎదురుచూడటమేనా?” అన్నది. నేను ఉలిక్కిపడ్డాను. నిజమే. నాయిక గోపాలుడి కోసం, సత్యభామ కృష్ణుడి కోసం, అమ్మ పాటలో పిల్ల అన్న కోసం! ఎం.ఏ. చదివిన నాకు ఇన్నేళ్ళూ ఈ వరస తట్టలేదు.

చల్లపల్లి మీదుగా పెదకళ్ళేపల్లి చేరేసరికి మధ్యాహ్నమయింది. దుర్గా నాగేశ్వరస్వామి గుడిలో చల్లని నీడ. శివరాత్రి తిరనాళ్ళకు తప్ప పెద్దగా సందడి లేని ఈ ఊరు పాటకు చేసిన సేవ చూడండి. తిరుమలలో దొరికిన తాళ్ళపాకవారి రాగిరేకుల్లోని కీర్తనలు లోకానికి అందడానికి శ్రమించిన వేటూరి ప్రభాకరశాస్త్రిగారిది ఈ ఊరే. సినిమాకు వేలకొద్దీ పాటలు రాసిన వేటూరి సుందరరామమూర్తిగారు 1936 లో ఇక్కడే, ఆ వంశంలోనే పుట్టారు. త్యాగరాజస్వామి శిష్యుడైన మానాంబుచావడి వెంకటసుబ్బయ్యగారి వద్ద నేర్చిన సుసర్ల దక్షిణామూర్తిశాస్త్రిగారిదీ ఇదే ఊరు. వారి శిష్యులు పారుపల్లి రామకృష్ణయ్యపంతులుగారు. వారి శిష్యులు మంగళంపల్లి బాలమురళీకృష్ణగారు.

అసలు సంగతి ఇప్పుడు చెపుతాను. శాస్త్రిగారి మనుమడు, తాతగారి పేరే పెట్టుకొన్న సుసర్ల దక్షిణామూర్తి, సినిమాలకు సంగీతం కూర్చారు. 1955 లో సంతానం చిత్రంలో లతామంగేష్కరు చేత మొదటిసారి తెలుగులో పాడించినవారు ఆయనే. అదొక జోలపాట. 1963 లో నర్తనశాలలో బృహన్నల ఉత్తరకు నాట్యం నేర్పే పాటకు ఆయన వరస కడితే, దాన్ని పాడినవారు బాలమురళిగారు! తాతగారి శిష్యుని శిష్యుడు వచ్చి మనుమడి సినిమా పాట పాడారు. ఆ పాట వస్తే నాన్నగారు మాత్రం రేడియో కట్టేసేవారు కాదు. “ఇది వేరు” అనేవారు. ఆయన ఉంటే ఈ గుడి అరుగుమీద కూర్చోబెట్టి, “ఎట్లా వేరు నాన్నగారూ?” అని అడిగేవాణ్ణి. అడగడానికి ఆలస్యం చేశాను.

పులిగడ్డ వద్ద కృష్ణ రెండు పాయలుగా చీలుతుంది. ఆ పాయ మీదుగా అక్విడెక్టులో కాలువ నీరు దాటి పోతుంది. దాని వెనకనే మేమూ దివిసీమలోకి దాటాము. అవనిగడ్డలో ఆటో మాట్లాడుకొని అమ్మ పుట్టిన ఊరికి వెళ్ళాము. ఇల్లు లేదు, దాని జాగా ఉన్నది. చేలు కొన్ని చెరువులయ్యాయి. కొన్నిటిలో విత్తనాలు వెదజల్లారు. ఊరి చివర ఒక్క చేలో మాత్రం పదిమంది ఆడవాళ్ళు వంగి ఊడుస్తున్నారు. పాట లేదు. గట్టుమీద నారుకట్టల పక్కన ఒక ముసలామె కూర్చుని ఉన్నది.

అమ్మ ఆమె పక్కన కూలబడి, గుర్తున్నంతవరకు పాడింది. రెండు చరణాలు తప్పాయి. ముసలామె వాటిని అందించింది. పడవ నడి ఏట్లోకి వచ్చింది. అమ్మ ఆగి, “అన్న వచ్చాడా?” అని అడిగింది. అరవై నాలుగేళ్ళ మనిషి, పసిపిల్ల అడిగినట్టే అడిగింది.

“రాకేం అమ్మాయిగారూ, గట్టొస్తే దిగుతాడు” అన్నది ముసలామె. “చేను పొడుగైతే పడవని నడేట్లోనే తిప్పుతా ఉంటాం. గాలనీ వానొచ్చిందనీ కడతానే ఉంటాం. చేను కురచైతే తొరగా వచ్చేత్తాడు. మనం గట్టెక్కకుండా ఆయనెట్టా ఒడ్డెక్కుతాడు?”

అమ్మ కాసేపు మాట్లాడలేదు. తరువాత నవ్వింది. “బడివేళయిందని నేనే ముందు లేచిపోయేదాన్నిరా. అక్కడితో అయిపోయిందనుకొన్నాను” అన్నది.

ముసలామె గొంతెత్తింది. చేలోని ఆడవాళ్ళలో ఇద్దరికే పాట తెలుసు. తక్కినవాళ్ళు చివరి మాట అందుకొన్నారు. నేను జేబులోని ఫోను తీసి రికార్డు చేయడం మొదలుపెట్టాను. సూర్యుడు వాలేవేళకు వాళ్ళు గట్టుకు చేరారు. అన్న దిగాడు.

క్లాసులో అడిగిన అమ్మాయికి నేనింకా జవాబు చెప్పలేదు. వచ్చే సోమవారానికి అందరికీ ఒక పని మాత్రం ఒప్పజెప్పాను. మీ ఇంట్లో ఎవరు ఏ పాటను సగంలో ఆపేస్తున్నారో కనుక్కొని రండని చెప్పాను.