పార్క్‌లేన్‌లో వేడి లెక్క

సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో సీటీసీ కంప్యూటర్ మార్కెట్ పక్క సందులోకి తిరిగితే, పాత కీబోర్డులూ ఛార్జర్లూ గుట్టలుగా పోసిన దుకాణాల మధ్య మేడమెట్ల కింద ఒక ఇరుకు గది ఉంది. బోర్డు లేదు. నింటెండో స్విచ్, స్టీమ్ డెక్ లాంటి, చేతిలో పట్టుకుని ఆడే గేమ్ మిషన్లను బాగుచేస్తారక్కడ. ఎండాకాలం వచ్చిందంటే వీళ్లకు ఊపిరాడని పని ఉంటుందని విని, మే నెల మిట్టమధ్యాహ్నం వెళ్లాను.

లోపలికి అడుగుపెట్టగానే కంటబడింది గోడమీది థర్మామీటర్. 36 చూపిస్తోంది. యజమాని ఏ మిషన్ చేతిలోకి తీసుకున్నా ముందు దానివైపు ఓసారి చూస్తాడు.

“అందరు లోపలి వేడి అడుగుతరు సార్. చిప్ 90కి పోతున్నది, కాలిపోతదా అని. నీ రూమ్‌ల ఎంతుంది అంటే ఒక్కనికి తెల్వదు” అన్నాడు.

ఆ మాట వెనక పెద్ద లెక్కే ఉంది. స్విచ్‌ను 5 నుంచి 35 డిగ్రీల మధ్య వాడమంటుంది నింటెండో. 2022 జులైలో జపాన్‌లో ఎండలు ముదిరినప్పుడు ఈ సంగతి జనానికి మళ్లీ గుర్తుచేసింది కూడా. అదే నెలలో బ్రిటన్‌లో ఉష్ణోగ్రత చరిత్రలో మొదటిసారి 40 డిగ్రీలు దాటింది. అప్పుడు స్టీమ్ డెక్ తయారుచేసే వాల్వ్ కూడా ఒక ప్రకటన చేసింది. బయటి గాలి 0 నుంచి 35 డిగ్రీల దాకా ఉంటే మిషన్ బాగా పనిచేస్తుంది; లోపలి చిప్ 100 డిగ్రీల వరకు ఓర్చుకుంటుంది; 100 దగ్గర తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది; 105 దగ్గర ఆగిపోతుంది. బ్రిటన్‌వాళ్లకు 35 అంటే వడగాడ్పు. రామగుండంలో మే నెలలో 35 అంటే వాతావరణం చల్లబడినట్టు.

నేనున్నప్పుడే ఒక ఇంజినీరింగ్ కుర్రాడు వచ్చాడు. అన్నయ్య డాలస్ నుంచి తెచ్చిన స్టీమ్ డెక్ అట. గంటసేపు ఆడితే బొమ్మ ఆగి ఆగి కదులుతోందట.

“రాత్రిపూట మంచిగ ఆడుతదా తమ్మీ?”

“ఆ అన్నా, పదకొండు దాటినంక ఏం ప్రాబ్లం లేదు.”

“పై అంతస్తా మీ రూము?”

“అవునన్నా, హాస్టల్ పైన రేకుల రూము.”

“అయితే రోగం మిషన్‌కు గాదు, నీ రూమ్‌కు.”

అయినా విప్పాడు. విప్పే ముందు మెమరీ కార్డు బయటికి తీయించాడు. కార్డు లోపలే ఉంచి వెనక మూత లాగితే అది రెండు ముక్కలవుతుందని, అట్లా విరిగిన కార్డులతో ఏడుస్తూ వచ్చినవాళ్లు ఉన్నారని చెప్పాడు. బ్యాటరీ కూడా పావు వంతు కంటే తక్కువకు దిగేదాకా ఆగాడు. నిండు బ్యాటరీ పక్కన ఇనుప పనిముట్టు జారితే మంట రేగవచ్చు, చాలావరకు ఖాళీ అయినదైతే ప్రమాదం తక్కువ. వెనక మూతకు ఎనిమిది స్క్రూలు, దాని కింద లోహపు రేకు. ఆ రేకు స్క్రూల్లో ఒకటి వెండిరంగు టేపు కింద దాక్కుని ఉంటుంది. తెలియక బలంగా లాగేవాళ్లు రేకును వంచేస్తారు. రేకు తీస్తే నల్లటి చిన్న ఫ్యాను, దాన్నుంచి చిప్ మీదికి పాకిన రాగి గొట్టం, చివర పల్చటి లోహపు రెక్కలు. ఆ రెక్కల మధ్య బూడిదరంగు దుమ్ము మందంగా పేరుకుని ఉంది. మెత్తటి బ్రష్‌తో దులిపాడు. ఫ్యాను గిర్రున తిరగకుండా వేలితో ఆపి బ్లోయర్ కొట్టాడు.

చిప్ వేడిని గొట్టానికి అందించే పేస్ట్ కూడా మార్చమని కుర్రాడు బతిమాలాడు. యజమాని ఒప్పుకోలేదు. “అది మంచిగుంది. ఊరికె పీకితే నాకు పైసలు, నీకు రిస్కు.” దుకాణం మీద నాకు గురి కుదిరింది అక్కడే.

నాతో మాట్లాడుతూనే పాత బిల్లు వెనక లెక్క రాసి చూపించాడు. ఒకే ఆట, ఒకే ఫ్యాను వేగం అనుకుంటే చిప్‌కూ గది గాలికీ మధ్య తేడా దాదాపు ఒకేలా ఉంటుంది. గది 25 ఉండగా చిప్ 75కు చేరితే, గది 40 అయ్యేసరికి చిప్ 90కి వెళ్తుంది. ఫ్యాను ఎంత గిర్రున తిరిగినా గది గాలి కంటే చల్లగా చిప్‌ను చేయలేదు, అది తోసేది ఆ గాలినే కాబట్టి. దిండు మీద పెట్టి, దుప్పట్లో పెట్టి ఆడితే ఆ గాలి కూడా అందదు. కుర్రాడి మిషన్‌లో చిప్‌కు అందే కరెంటును 15 వాట్ల నుంచి 10కి, బొమ్మల వేగాన్ని సెకనుకు 60 నుంచి 40కి తగ్గించి ఇచ్చాడు. పగలు ఇట్లా, రాత్రి నీ ఇష్టం అన్నాడు.

ఇంతవరకు అంతా చిప్ కథ. నిజానికి చిప్ గురించి అంత దిగులు అక్కర్లేదని నాకనిపించింది. అది తన వేడి తాను కొలుచుకుంటుంది, హద్దు దాటితే నిద్రపోతుంది. స్విచ్ అయితే వేడెక్కానని తెరమీద చెప్పి మరీ పడుకుంటుంది. బ్యాటరీ సంగతి వేరు.

దుకాణం మూలన పొడి ఇసుక పోసిన ఇనుప డబ్బా ఉంది. అందులో అప్పడాల్లా ఉబ్బిన బ్యాటరీలు. ఒకటి స్విచ్‌ది, ఎండలో నిలిపిన కారులో మర్చిపోయారట. బయట 40 ఉంటే మూసిన కారు లోపల 60 దాటడానికి గంట చాలు. లిథియం బ్యాటరీలో పనికిరాని రసాయన చర్యలు లోపల ఎప్పుడూ మెల్లగా సాగుతూనే ఉంటాయి. పది డిగ్రీలు పెరిగితే వాటి వేగం సుమారు రెట్టింపు అవుతుందని మోటు లెక్క. లోపలి ద్రవం విరిగి గ్యాస్ పుడితే బ్యాటరీ సంచి ఉబ్బుతుంది. బ్యాటరీ నూటికి నూరు నిండి, ఆపైన వేడి కూడా తోడైతే అరుగుదల ఇంకా ఎక్కువ. చార్జింగ్ పెట్టి ఆడటంలో ఆ రెండూ కలుస్తాయి. మామూలుగా ఈ బ్యాటరీలకు చార్జింగ్ వేళ 45 డిగ్రీలే గరిష్ఠ హద్దు. మిషన్ లోపల, చిప్‌కు పొరుగున, రేకుల గదిలో ఆ హద్దును చేరడం కష్టమేమీ కాదు.

వేడి భయంతో కొందరు మిషన్‌ను ఫ్రిజ్‌లో పెడతారట. బయటికి తీయగానే గాలిలోని తేమ బోర్డు మీద నీరుగా పడుతుంది. కూలర్ ఎదుట కూర్చుని ఆడటం గురించి అడిగాను. గాలి చల్లబడుతుంది గనక లాభమే, కానీ తడి గాలి నేరుగా మిషన్ రంధ్రాల్లోకి కొట్టకూడదు అన్నాడు. చేతుల మాటా ఉంది. 48 డిగ్రీల లోహాన్ని పది నిమిషాలు వదలకుండా పట్టుకుంటే చర్మం కాలవచ్చు. పిల్లలు ఆటలో పడితే ఆ చురుకు పట్టించుకోరు.

మీ ఇంట్లో ఇలాంటి మిషన్ ఉంటే వంద రూపాయల గోడ థర్మామీటర్ ఒకటి కొనండి. గది 35 దాటిన వేళ చార్జింగ్ పెట్టి ఆడనివ్వకండి. స్విచ్ 2లో చార్జింగ్‌ను 90 శాతం దగ్గర, స్టీమ్ డెక్‌లో 80 దగ్గర ఆపే సెట్టింగ్ ఉంది, పెట్టుకోండి. వెనక మూత లేచినట్టు, తెర పక్కన సందు వచ్చినట్టు అనిపిస్తే మళ్లీ చార్జింగ్ పెట్టకండి. నొక్కకండి, గుచ్చకండి. ఆపేసి రిపేరువాళ్ల దగ్గరికి తీసుకెళ్లండి. చెత్తబుట్టలో మాత్రం వేయకండి.