రెండు పద్దులు

ఇల్లు నడుపు స్త్రీలకు రెండు పద్దులు సరిచూచుట క్రొత్త విద్య గాదు. పాలవాని పుస్తకములో నొక లెక్కయు, మన గోడమీది క్యాలెండరులో నొక లెక్కయు నుండును. నెలాఖరున రెండును కలియవలెను. కలియనిచో నొక పూట వ్రాయుట మానినారనియో, రెండుమారులు వ్రాసినారనియో తెలిసికొందుము. జీవనోపాధికై నేను చేయుచున్న పనియు నించుమించుగా నట్టిదే.

ఫోనులో సందేశములు పంపుకొను యాప్‌లను సోదరీమణు లందఱు నెఱుగుదురు. వానిని కట్టువారు ప్రతి భాగమును తామే వ్రాసికొనరు. సందేశములు దాచుట, పంపుట, తెచ్చుట మున్నగు పనులకు ముందే సిద్ధపఱచిన సామగ్రిని తెచ్చి చేర్చుకొందురు. దానిని లైబ్రరీ యందురు. అట్టి యొక లైబ్రరీలోని దోషములను వెదకి సరిచేయుట నా యుద్యోగము.

మనము వ్రాసిన సందేశము మొదట మన ఫోనులోని డేటాబేసునందు చేరును. పెక్కు ఫోనులలో నీ పని చేయునది ఎస్‌క్యూలైట్. అమెరికా దేశీయుడగు రిచర్డ్ హిప్ 2000 సంవత్సరమున దీనిని రచించెను. ఇది మన యింటి పుస్తకము. దూరమున సర్వరులో నుండునది పాలవాని పుస్తకము. ఈ రెంటిని సరిపఱచుటయే సింక్. అయితే నడిమి దారి యెప్పుడు తెగునో యెవరికిని తెలియదు. రైలు సొరంగములో దూరును; బ్యాటరీ యయిపోవును. దోషములలో పెక్కు లా తెగిన క్షణముననే బయటపడును.

కొంతకాలము క్రిందట మాకొక ఫిర్యాదు వచ్చెను. ఒక తల్లి దూరదేశమున నున్న కుమార్తెకు మూడు దినములు వరుసగా సందేశములు పంపెను. మొదటివియు చివరివియు చేరినవి, నడిమివి చేరలేదు. తండ్రిగారి కంటి శస్త్రచికిత్స సంగతి యా నడిమివానిలో నున్నది. కుమార్తె పలుకరింపలేదని తల్లి నొచ్చుకొనెను. తనకు చెప్పనేలేదని కుమార్తె కినిసెను. తప్పు వారిరువురిదియు గాదు.

కారణము వెదకుటకు రెండు వారములు పట్టెను. ఫోను సర్వరును, "నాకు 40వ సందేశము వఱకు ముట్టినవి, తరువాతివి యిమ్ము" అని యడుగును. సర్వరు 41 మొదలు 60 వఱకు నిచ్చును. ఆ లైబ్రరీ "60 వఱకు ముట్టినవి" యను గురుతును ముందుగా వ్రాసికొని, పిమ్మట సందేశములను దాచుచుండెను. ఆ రెండు పనుల నడుమ యాప్ ఆగిపోయినచో గురుతు మిగులును, సందేశములు పోవును. మరల తెఱచినపుడు ఫోను 61వ దానినే యడుగును. సరకు రాకముందే ముట్టినదని సంతకము చేసినట్లన్నమాట!

సవరణ కొలది పంక్తులే. సందేశములను, గురుతును ఒకే ట్రాన్సాక్షన్‌లో చేర్చితిమి. వ్రాసిన రెండును వ్రాయబడవలెను. లేనిచో రెండును వ్రాయబడరాదు. పిమ్మట ప్రతి మెట్టునను యాప్‌ను కావలెనని యాపివేసి పరీక్షించితిమి. పోయినవి సర్వరులో భద్రముగానే యున్నందున, గురుతును వెనుకకు జరిపి వానిని తిరిగి తెప్పించితిమి. అట్లు తెచ్చునపుడు ఉన్నవే మరల చేరకుండ, ప్రతి సందేశమునకు పుట్టినపుడే యొక ప్రత్యేక సంఖ్య యుండవలెను. ఆ సంఖ్య యింతకుముందే పద్దులో నున్నచో రెండవమారు వ్రాయరు.

వరుసకు సంబంధించిన చిక్కు వేఱు. రెండు ఫోనుల గడియారములు కలియనిచో ప్రశ్నకు ముందే జవాబు కనబడును. గడియారములను నమ్మకయే ముందువెనుకలు నిర్ణయించు మార్గమును లెస్లీ లాంపోర్ట్ 1978లోనే చూపెను. మేము సర్వరు వేయు వరుససంఖ్యనే ప్రమాణముగా గైకొంటిమి.

సోదరీమణులకు నేను విన్నవించునది స్వల్పము. పెక్కు యాప్‌లలో సందేశము ప్రక్కన గడియారపు గుర్తున్నచో నది యింకను మన ఫోను దాటలేదని యర్థము. అట్టి సమయమున యాప్‌ను తీసివేసి మరల పెట్టుకొనరాదు. అది యింటి పుస్తకమును చింపివేయుటయే. అందలి పంపబడని మాటలు తిరిగి రావు. ఉత్తరము రానియెడల అలుకయని యెంచుటకు ముందు ఒకమారు ఫోను చేసి మాటాడుడు. యంత్రములోని పద్దును మావంటివారు దిద్దగలరు. మనస్సులో వ్రాసికొన్న పద్దును దిద్దుట ఆ వ్రాసికొన్నవారికే చెల్లును.