కట్ ఆఫ్

మన పిల్లలకు ‘కటాఫ్’ అనగా ప్రవేశపరీక్షలో మార్కుల గీత మాత్రమే. కాని ఆంగ్లమున ‘కట్ ఆఫ్’ అను క్రియకు సరఫరాను నిలుపుట, మాటాడువారిని నడుమ నాపుట, ఒక ప్రదేశమును లోకమునుండి వేరుచేయుట అను అర్థములును కలవు. నిఘంటువున వేర్వేరు వరుసలలో నుండు నీ యర్థములన్నియు, 2018 అక్టోబరు 11 వేకువను తిత్లీ తుపాను పలాస చేరువను తీరము దాటినపుడు, శ్రీకాకుళం జిల్లాలోని కొబ్బరితోటల సీమయైన ఉద్దానమునకు ఒక్కుమ్మడిగా ననుభవమునకు వచ్చినవి. గంటకు 140 కిలోమీటర్ల గాలికి స్తంభములొరిగి కరెంటు పోయినది, కూకటివ్రేళ్లతో పెకలిన చెట్లు త్రోవల కడ్డుపడి మందస, వజ్రపుకొత్తూరు, సోంపేట, కవిటి ప్రాంతములలో ఊరికి ఊరు దూరమైనది, పనికై వలసపోయిన కొడుకు “అమ్మా, ఇల్లెలాగుంది?” అనుచుండగనే ఫోను తెగినది.

ఊరు ఒంటరియైనదని చెప్పునపుడు ఆంగ్లమున ఈ ‘కట్ ఆఫ్’ క్రియ తరచుగా కర్మణిప్రయోగముననే వచ్చును, తెంచినదెవ్వరో చెప్పనక్కరలేదు. తీగలు మరల కలిసినవి, త్రోవలు తెరపియైనవి. కాని కొబ్బరిమొక్క నాటి కాపునకు ఏండ్లు వేచియుండవలసిన రైతునకు రాబడి తెగుట వేరొక లెక్క. నష్టపరిహారమును గణించువారు కూలిన చెట్లతోపాటు ఆ యేండ్లను కూడ లెక్కింపవలెనని నా మనవి.