తడ దగ్గర ఒక వింత మ్యూజియం

పిల్లలూ, మ్యూజియం అనగానే మీకు ఏం గుర్తుకు వస్తుంది? అద్దాల బీరువాలు, వాటిలో కదలని పక్షులు, చెయ్యి విరిగిన విగ్రహాలు, "ముట్టరాదు" అని రాసిన అట్టముక్కలు. బడిపిల్లలు వరసగా లోపలికి వెళతారు, వరసగా బయటికి వస్తారు. ఇంటికి రాగానే "ఏం చూశావురా?" అని నాన్న అడిగితే, "చాలా చూశాం" అంటారు. అంతే!

అలా కాక, చూసినది మనసులో నిలిచేటట్టు చూడటం ఎలాగో నేర్చుకోవాలంటే తడ వెళదాం, రండి.

పటం తీయండి. చెన్నై నుంచి గూడూరు వెళ్ళే రైలు, తమిళనాడు దాటి ఆంధ్రలో ప్రవేశించగానే ఆగే మొదటి స్టేషను తడ. ఒకప్పుడిది నెల్లూరు జిల్లాలో ఉండేది. 2022 నుంచి తిరుపతి జిల్లాలో చేరింది. అక్కడికి దగ్గరలోనే భీములవారిపాలెం పడవల రేవు ఉన్నది. రేవులో నిలబడితే కనుచూపు మేర నీళ్ళే! అది సముద్రం కాదు, పులికాట్ సరస్సు. ఆ చుట్టుపక్కల దాన్ని ప్రళయకావేరి అని కూడా అంటారు. ఒడిశాలోని చిలకా తరవాత మన దేశంలో ఇంత పెద్ద ఉప్పునీటి సరస్సు మరొకటి లేదు. సరస్సుకీ బంగాళాఖాతానికీ మధ్య శ్రీహరికోట దీవి అడ్డుగోడలాగా ఉన్నది. మన రాకెట్లు ఆకాశానికి ఎగిరేది ఆ దీవి నుంచే.

ఇంత పెద్ద సరస్సు ఎంత లోతు ఉంటుందనుకున్నారు? సగటున ఒక్క మీటరే! ఈ సంగతి గుర్తుంచుకోండి. ముందు ముందు పనికి వస్తుంది.

సూళ్ళూరుపేట నుంచి శ్రీహరికోటకు పోయే రోడ్డు ఈ సరస్సును దాటుకుంటూ పోతుంది. ఆ దారిలో అటకానితిప్ప వద్ద అటవీశాఖవారి పర్యావరణ విజ్ఞాన కేంద్రం ఉన్నది. సరస్సుకు వచ్చే పక్షులను గురించి అక్కడ తెలుసుకోవచ్చు. ముందు పక్షి బొమ్మ ఎదుట నిలబడి ఒక ప్రశ్న వేసుకోండి. తరవాత సరస్సు ఒడ్డుకు వెళ్ళి జవాబు వెతకండి.

ఉదాహరణకు ఫ్లెమింగోను తీసుకోండి. దాని ముక్కు మధ్యలో విరిచినట్టు వంగి ఉంటుంది. ఎందుకని? బొమ్మ చెప్పదు. సరస్సులో చూడండి: ఆ పక్షి పొడుగు కాళ్ళతో నీళ్ళలో నిలబడి, తలను తలకిందులుగా నీటిలో ముంచుతుంది. అప్పుడు వంగిన ముక్కు అడుగు బురదకు సరిగ్గా ఆనుతుంది. నాలుకతో పంపు కొట్టినట్టు నీళ్ళు లోపలికీ బయటికీ ఆడిస్తుంది. ముక్కు అంచుల్లో దువ్వెన పళ్ళలాంటివి ఉంటాయి. నీళ్ళు పోయి, నాచూ చిన్న చిన్న పురుగులూ లోపల మిగులుతాయి. దాని గులాబీ రంగు కూడా ఈ తిండి నుంచి వచ్చినదే సుమా! పుట్టినప్పుడు పిల్ల బూడిద రంగుగానే ఉంటుంది. ఇక, సరస్సు లోతుగా ఉంటే ఇది నిలబడగలదా? ఇప్పుడు అర్థమైందా, లోతు సంగతి ఎందుకు గుర్తుంచుకోమన్నానో!

అక్కడి నుంచి దొరవారిసత్రం మండలంలోని నేలపట్టు వెళదాం. అక్కడొక చెరువు ఉన్నది. చెరువు నీళ్ళలోనే కడప చెట్లు నిలబడి ఉంటాయి. వాటి కొమ్మల మీద గూడబాతులు, నత్తగుల్ల కొంగలు, నీటికాకులు గూళ్ళు కట్టి పిల్లలను పెంచుతాయి. చెట్ల కింద నీళ్ళుంటే పిల్లులూ నక్కలూ గూళ్ళ దాకా రావటం కష్టం గదా! గూడబాతు పేరు ఎంత బాగా అతికిందో చూడండి. రైతు గూడతో నీళ్ళు తోడినట్టు, అది తన ముక్కు కింది సంచీతో చేపలను తోడుకుంటుంది. 1976లో ప్రభుత్వం ఈ చోటును పక్షుల రక్షిత కేంద్రంగా ప్రకటించింది. కాని అంతకు ముందునుంచీ కాపాడుతూ వచ్చినది ఊరివాళ్ళే. పక్షుల రెట్ట చెరువులో కలిస్తే ఆ నీరు పైరుకు బలమని వారికి తెలుసు.

అక్కడ కేకలు వెయ్యవద్దంటారు. ఎందుకో తెలుసునా? తల్లి బెదిరి లేచిపోతే కాకులు గుడ్లను ఎత్తుకుపోతాయి. ఈకలు కూడా సరిగా రాని పిల్లలు ఎండకు మాడిపోతాయి. కారణం తెలిస్తే మాస్టారు చెప్పనవసరం లేకుండానే నోళ్ళు మూతపడతాయి.

పక్షులే కాదు, మనుషులను కూడా చూడండి. సరస్సు దక్షిణపు పల్లెల్లో ఏ రోజు ఏ చోట ఎవరు వల వెయ్యాలో వంతుల ప్రకారం నిర్ణయించుకునే పద్ధతి ఉన్నది. దాని పేరు "పాడు". మన పాడు కాదు, అది తమిళ మాట. చేపల కోసం తగువులు రాకుండా కాపాడే కట్టుబాటు అది. అద్దాల బీరువాలో వల ఉంటే దాని పొడుగూ వెడల్పూ తెలుస్తాయి. అది ఎవరి వంతున నీళ్ళలో పడుతుందో జాలరి తాతను అడిగితేనే తెలుస్తుంది. ఈ సరస్సు పల్లెల మాటలనూ ఆటలనూ స. వెం. రమేశ్ "ప్రళయకావేరి కథలు"లో దాచిపెట్టారు. అదీ ఒక మ్యూజియమే!

అయితే ఈ వింత మ్యూజియానికి ఒక ఆపద ఉన్నది. సముద్రపు నీరు లోపలికి రావటానికి ముఖద్వారాలు ఉన్నాయి. రొయ్యపిల్లలూ చేపపిల్లలూ ఆ దారినే వస్తాయి. ఉత్తరాన రాయదొరువు వద్ద ఆ దారి ఇసుకతో పూడిపోయింది. దారి మూసుకుంటే ఎండాకాలంలో నీరు ఇగిరిపోయి, నేల నెరలు విచ్చుతుంది. అప్పుడు జాలరి వలకూ పనిలేదు, ఫ్లెమింగో ముక్కుకూ పనిలేదు. బీరువాలోని బొమ్మ మాత్రమే మిగులుతుంది. పూడిక తియ్యటం పెద్దల పని. కాని ఈ సరస్సు ఎందుకు కావాలో తెలిసిన పిల్లలే రేపటి పెద్దలు.

1965లో కలకత్తాలోని బిర్లా మ్యూజియంవారు సైన్సు ప్రదర్శనను బస్సులో పెట్టి బడుల దగ్గరికి పంపారు. తడ వైపు మాత్రం బడులే మ్యూజియం దగ్గరికి వెళ్ళాలి. 2025 జనవరి 18 నుంచి 20 దాకా సూళ్ళూరుపేట, నేలపట్టు, భీములవారిపాలెంలలో ఫ్లెమింగో పండుగ జరిగింది. పండుగ లేని రోజున వెళితే సందడి తక్కువ, చూసేది ఎక్కువ.

అమ్మనూ నాన్ననూ, మాస్టారినీ అడగండి. నవంబరు, ఫిబ్రవరి నెలల మధ్య వెళ్ళండి. బయలుదేరేముందు నోటుపుస్తకంలో మూడు ప్రశ్నలు రాసుకోండి: ఒకటి పక్షిని గురించి, ఒకటి నీటిని గురించి, ఒకటి అక్కడి మనుషులను గురించి. తిరిగి వచ్చాక "ఏం చూశావు?" అని నాన్న అడిగితే, పుస్తకం తెరిచి ఆయనకే ఆ మూడు ప్రశ్నలు వెయ్యండి!