లిస్బన్ యాత్రకు దాచిన సొమ్ము

దైవకార్యమునకు వెచ్చించు ధనమును లెక్కించుట అపచారమను భావము మా క్రైస్తవ కుటుంబములలోనే గాక తెలుగునాట ఇంటింటను పాతుకొని యున్నది. పెండ్లికి పద్దు వ్రాయుదుము, ఇల్లు కట్టునపుడు ఇటుక ఇటుకకు బేరమాడుదుము. కాని గుణదల తిరునాళ్లకు బయలుదేరునపుడు గాని, వేళాంగణి మ్రొక్కు తీర్చుకొనబోవునపుడు గాని, మొత్తము ఎంత అగునని అడిగినవానిని విశ్వాసము కొరవడినవానిగా చూతుము. ఈ భావము వెనుక నున్న భక్తిని నేను గౌరవింతును గాని, భావమును అంగీకరింపజాలను. గోపురము కట్టదలచినవాడు ముందుగా కూర్చుండి, తన యొద్ద నున్న ధనము పనిని పూర్తిచేయుటకు చాలునో చాలదో చూచుకొనవలెనను ఉపమానమును లూకా సువార్త పదునాలుగవ అధ్యాయమున చెప్పినవాడు ప్రభువే కనుక, లెక్క చూచుట విశ్వాసమునకు పూర్వాంగమని నా నిశ్చయము. ఆ నిశ్చయముతోనే మా పెద్దమ్మాయిని 2023లో పోర్చుగల్ రాజధానియైన లిస్బన్‌లో జరిగిన ప్రపంచ యువజన దినోత్సవమునకు పంపితిమి. గుంటూరులో ఎయిడెడ్ పాఠశాల ఉపాధ్యాయుడనైన నాకును, నర్సుగా పనిచేయుచున్న నా భార్యకును అది చిన్న వ్యయము కాదు.

పేరునకు దినోత్సవమైనను అది ఒక్క దినముతో ముగియునది కాదు. జగద్గురువు రెండవ జాన్ పాల్ 1985లో నెలకొల్పగా, 1986లో రోమునగరముతో ఆరంభమైన ఈ సమావేశము కొన్నేండ్ల కొకమారు ఒక్కొక్క దేశమున జరుగుచు వచ్చినది. 1995లో మనీలాలో జరిగినపుడు నలువది లక్షలకు పైగా జనము కూడిరని అంచనా. లిస్బన్ సమావేశము ఆగస్టు 1 నుండి 6 వరకు. అంతకు ముందు, జూలై 26 నుండి 31 వరకు, పరదేశములనుండి వచ్చిన యువతీయువకులు పోర్చుగల్‌లోని వివిధ మేత్రాసనములకు (బిషపుల ఏలుబడిలోని ప్రాంతములకు) చెదరిపోయి, అక్కడి విచారణల (చర్చి పరిధుల) ఇండ్లలో ఆ ఇంటివారితో కలిసి భుజించి, కలిసి ప్రార్థించి, వారి పనిపాటలలో పాలుపంచుకొనిరి. ఈ మొదటి భాగమే నన్ను ఆకర్షించినది. లక్షలమంది నడుమ నిలుచుట యౌవనమున ఉత్సాహము నిచ్చును, నిజమే; కాని భాష తెలియని ఇంటిలో, మన జపమాలనే మరియొక భాషలో చెప్పుచున్న ముసలమ్మ ప్రక్కన మోకరిల్లుట మనిషిని లోపలినుండి మార్చునని నేను తలచితిని.

2019 జనవరిలో పనామా సమావేశము ముగియుచుండగా, తరువాతి వేదిక లిస్బన్ అనియు, సంవత్సరము 2022 అనియు ప్రకటన వెలువడినది. ఆ వేసవికి ముందే నెలకు మూడువేల రూపాయల చొప్పున మూడేండ్ల రికరింగు డిపాజిట్టు తెరచితిని. ఇంటిలో అప్పటికే అమ్మాయి చదువునకొక ఖాతా, ఆపద్ధనముగా మరియొక డిపాజిట్టు ఉన్నను, ఈ సొమ్మును వానిలో కలుపక వేరుగా నుంచుటకు కారణమున్నది. ఒకే రాశిగా నున్న ధనమునకు అవసరములన్నియు ఒకేసారి చేతులు చాచును. పేరు పెట్టి విడిగా నుంచిన ధనమును ముట్టుటకు మనస్సు సంకోచించును. 2020 ఏప్రిల్‌లో, మహమ్మారి కారణముగా, సమావేశమును 2023 ఆగస్టునకు వాయిదా వేసిరి. మరుసటి యేడు రెండవ విడత వ్యాధి మా వీధిలోని ప్రతి గడపను తాకినపుడు, ఆసుపత్రి ఖర్చులకు ఆపద్ధనమును కదలించితిమే గాని యాత్రాఖాతా జోలికి పోలేదు. మూడేండ్ల గడువు తీరగానే వచ్చిన మొత్తమును ఒక యేటికి మరల వేసి, నెలసరి మూడువేలను కొనసాగించితిని. 2023 ఏప్రిల్ నాటికి వడ్డీతో కలిపి లక్షా అరువదియొక్క వేలు చేతికి వచ్చినవి.

ఆ మధ్యకాలమున నా బావమరది మాటిమాటికి ఒక సలహా చెప్పుచుండెడివాడు. “బావగారూ, అక్కయ్య గాజులు బీరువాలో ఊరికే ఉన్నాయి కదా, బ్యాంకులో పెడితే గంటలో డబ్బు చేతికొస్తుంది. నెలనెలా మూడువేలు మూటగట్టుకోవడం దేనికి?” అనెడివాడు. అతని మాటలో అసత్యము లేదు. బంగారపు విలువలో 75 శాతము వరకు అప్పిచ్చుటకు ఆనాటి రిజర్వు బ్యాంకు నిబంధనలు అనుమతించుచుండెను. నూటికి పది చొప్పున చూచినను రెండు లక్షలపై యేటి వడ్డీ ఇరువదివేలు. ఆ ఇరువదివేలు మమ్ము ముంచివేయునని కాదు నా అభ్యంతరము. యాత్ర ముగిసి అమ్మాయి ఇల్లు చేరిన పిమ్మట, ఆమె స్మృతులు పరిపక్వము కావలసిన నెలలలో, ప్రతినెలా ఒక వాయిదా తలుపు తట్టుచుండుట నాకు సమ్మతము కాదు. మరియొక కారణము కేవలము లౌకికమైనది. వీసా దరఖాస్తుతో పాటు గడచిన నెలల బ్యాంకు వివరములు జతపరుపవలెను. క్రమముగా వచ్చిన జీతము, క్రమముగా సాగిన పొదుపు పరిశీలకునికి ఇచ్చు భరోసా, ప్రయాణమునకు ముందు ఉన్నట్టుండి వచ్చిపడిన రెండు లక్షలు ఇయ్యవు. లిస్బన్ సమావేశమునకు ఎంచుకొన్న వాక్యము, గర్భవతియైన ఎలిజబెతమ్మను చూచుటకు మరియమాత త్వరత్వరగా కొండసీమకు వెళ్లిన ఘట్టములోనిది. ఆ త్వర యౌవనమునకు తగినది. దానికి తగిన నిదానము తలిదండ్రుల పాలిటిదని నా భార్యయు నేనును అనుకొంటిమి.

మేత్రాసన యువజన బృందముతో పోవుటకు రెండు మార్గములుండెను. లిస్బన్ సమావేశము, దానికి ముందరి గృహనివాసము మాత్రమే యైనచో, విమాన ప్రయాణము, నమోదు రుసుము, వీసా వ్యవహారము, బీమా అన్నియు కలిపి లక్షా డెబ్బదివేలు. తిరుగుదారిలో లూర్దు, రోము చూపించినచో రెండు లక్షల డెబ్బదియైదువేలు. “అంత దూరం వెళ్లి రోము చూడకుండా వస్తుందా?” అని మా అత్తగారు బాధపడిరి. ఇంకొక లక్షా అయిదువేలతో రెండు మహాక్షేత్రములు చేజిక్కునను ఈ వాదమునకు లొంగని గృహస్థుడు అరుదు. ప్రయాణవ్యాపారమంతయు ఈ ఒక్క వాక్యముపైననే నిలిచియున్నదని నాకు తోచును. అయితే ఆ అదనపు దినములలో అమ్మాయి బస్సు కిటికీ ప్రక్కన కూర్చుండి, కొలువు తీరిన దేవాలయములను వెలుపలినుండి చూచి, సాయంకాలమునకు హోటలు చేరును. మేము సొమ్ము దాచినది మరియొక ప్రజ నడుమ జీవించుటకు. చిన్న మార్గమునే ఎంచుకొంటిమి. అత్తగారికి మాత్రము నేటికిని సమాధానము కుదరలేదు. వారి కోరికలో నున్న భక్తి నాకు పూజ్యమే.

పన్ను విషయము కొంత విపులముగా చెప్పవలసియున్నది, ఏలయన పలువురు తలిదండ్రులు దానిని గమనింపక పోవుట చూచితిని. విదేశయాత్రను ప్యాకేజీగా కొన్నపుడు అమ్మినవారు మూలముననే పన్ను వసూలు చేయవలెను. దీనినే టీసీఎస్ అందురు. మేము చెల్లించిన నాడు అది, మొత్తము ఎంతైనను, 5 శాతము. ఆ యేడు అక్టోబరు 1 నుండి ఏడు లక్షలు దాటిన భాగముపై 20 శాతమైనది. లక్షా డెబ్బదివేలకు ఎనిమిదివేల అయిదువందలు. ఇది వ్యయము కాదు. ఎవరి పాన్ సంఖ్యపై వసూలైనదో వారి ఖాతాలో జమగా కనబడి, వారు ఆదాయపుపన్ను రిటర్ను వేసినపుడు చెల్లవలసిన పన్నులో తగ్గును, లేదా తిరిగివచ్చును. అమ్మాయి పేర వసూలైయుండినచో, పన్ను పరిధికి లోబడని చిరు జీతమున్న ఆమె కేవలము దీనికొరకే రిటర్ను వేయవలసి వచ్చెడిది. వేయకున్న ఆ సొమ్ము అట్లే నిలిచిపోవును. యేటేటా రిటర్ను వేయు నా పాన్ మీదనే రసీదు వ్రాయించి, సొమ్మును నా ఖాతానుండియే చెల్లించితిని.

దాచిన లక్షా అరువదియొక్క వేలలో దశమభాగమైన పదునారువేలు మావి కావని మొదటినుండియు అనుకొంటిమి. పదువాపురి వాడుగా మన విచారణలలో జనులు కొలుచు పునీత అంతోనివారు నిజమునకు లిస్బన్‌లోనే జన్మించినవారు. వారి పేర పేదలకు రొట్టె పంచు ఆచారము కతోలిక లోకమంతటను కలదు. ఆ మహనీయుని జన్మభూమికి పోవు యాత్రలో పేదవాని పాలు లేకుండుట తగదు కదా! మిరపయార్డులో బస్తాలు మోయు కార్మికుని కుమారుడొకడు అదే బృందములో పేరిచ్చి, సొమ్ము చాలక వెనుదీయుచుండగా, ఆ దశమభాగమును విచారణ గురువుల ద్వారా, ఇచ్చినవారి పేరు తెలియనీయక, చేర్చితిమి. మరికొందరును అట్లే సాయపడగా ఆ అబ్బాయి వెళ్లెను.

మిగిలినవి లక్షా నలువదియైదువేలు. అమ్మాయి తన మొదటి ఉద్యోగపు జీతమునుండి ఏబదివేలు కూడబెట్టినది. మేము అడుగకముందే, “నాన్నా, నా వంతు లేకపోతే అది మీ యాత్ర అవుతుంది, నాది కాదు” అన్నది. ఆ మాటకు నా హృదయము నిండెను. ప్యాకేజీ, పన్ను కలిసి లక్షా డెబ్బదియెనిమిదివేల అయిదువందలు. చేతిఖర్చునకు రెండువందల యూరోలు, దుస్తులు, కానుకలు మరియొక పాతికవేలు. తేలిన లోటు ఎనిమిదివేల అయిదువందలు. దానిని పదవతరగతి జవాబుపత్రముల స్పాట్ వాల్యుయేషను భత్యముతోను, ఆ వేసవి జీతముతోను సర్దితిని. సరిగా అంతే మొత్తము మరుసటి యేడు రిటర్నులో నాకు సర్దుబాటైనది.

యూరోలలో కొంచెము నోట్లుగా ఇచ్చి, తక్కినది ముందుగా నింపిన ఫారెక్సు కార్డులో వేయించితిమి. ఇచ్చటి డెబిట్, క్రెడిట్ కార్డులను అక్కడ వాడినచో మారకపు రేటుపై పెక్కు బ్యాంకులు మూడుమూడున్నర శాతము అదనముగా తీసికొనును. ప్రయాణబీమాలో కనీసము 30,000 యూరోల వైద్యరక్షణ ఉండవలెనన్నది షెంజెన్ వీసా నియమము. ప్యాకేజీలో చెప్పినది నమ్మక, పత్రము తెప్పించుకొని ఆ అంకెను కంటితో చూచితిని.

పోర్చుగల్ గృహనివాసమున అమ్మాయి బ్రాగా పట్టణములో, పిల్లలు ఫ్రాన్సునకు వలసపోగా ఒంటరిగా మిగిలిన వృద్ధ దంపతుల ఇంట ఉండెను. మొక్కజొన్న రొట్టెయు, ఆకుకూర బంగాళాదుంపలతో కాచిన కాల్దు వెర్దె అను చారును వారి రాత్రి భోజనము. మా ఇంటినుండి తీసికొనిపోయిన గుంటూరు కారమును ఆమె వారికిచ్చినది. మిరప మన దేశమునకు వచ్చినది పోర్చుగీసు ఓడలమీదనే కనుక, అది నాలుగైదు శతాబ్దములకు తిరిగి ఇల్లు చేరినట్లయినదని నేను సంతోషించితిని. ఆ ముసలమ్మ అక్కడి బొం జెసూస్ దేవాలయపు కొండమెట్లను అమ్మాయి చేయి పట్టుకొని ఎక్కినదట. వలసపోయిన కుమారుల మాట చెప్పుకొని మెట్టుపై కూర్చుండి ఏడ్చినదట. గల్ఫుదేశములలో బిడ్డలున్న మా విచారణ తల్లుల దుఃఖము అచ్చముగా అదియే యని అమ్మాయి ఫోనులో చెప్పినది. వెళ్లునాడు ఆమె ఇయ్యబోయిన యూరోలను వారు ముట్టలేదు. అటుపిమ్మట లిస్బన్ పాఠశాల నేలపై నిద్రించి, తేజో నదీతీరమున పోపు ఫ్రాన్సిస్ అర్పించిన దివ్యబలిపూజలో పదునైదు లక్షలమందితో పాల్గొన్నది. తిరిగివచ్చి మాటిమాటికి చెప్పునది మాత్రము బ్రాగా ఇంటిని గురించియే. మా లెక్కలో ఆ గృహనివాసపు పద్దు దాదాపు శూన్యము.

లిస్బన్‌లో ఆఖరి దినముననే తరువాతి సమావేశము సియోల్‌లోనని ప్రకటించిరి. 2027 ఆగస్టు 3 నుండి 8 వరకు. మా చిన్నవాడు అప్పటికి డిగ్రీ ముగించును. ఈసారి ఖాతా వాని పేరనే తెరచితిమి. నెలకు రెండువేలు మావి, వేయి వాని అక్కగారివి. దశమభాగమును గడువు తీరువరకు ఆపక, నెలకు మూడువందల చొప్పున విచారణ యువజన నిధికి పంపుచున్నాము. కొరియా ప్యాకేజీతో జపాను కూడ చూపింతుమని ఇప్పటికే ఒకరు వచ్చి అడిగిపోయిరి. అత్తగారు ఆ కాగితమును తమ బైబిలులో దాచుకొనిరి. వారితో ఆ సంభాషణ ఇంకను జరుగవలసియున్నది.