రెండు దేశాలు, రెండు పద్దులు

న్యూజెర్సీలోని ఎడిసన్ పేరు మన కుటుంబాలకు కొత్తది కాదు. అక్కడి ఓక్ ట్రీ రోడ్డు మీద అంగళ్ళలో సోనామసూరి బస్తాలు, కందిపప్పు, గోంగూర కట్టలు, ఆవకాయ సీసాలు వరుసగా కనిపిస్తాయి. పిల్లల్ని చూడబోయిన పెద్దలు ప్రతి ధరనూ రూపాయల్లోకి మార్చి, "కొత్తిమీర కట్ట ఇంతా!" అని గుండెలు బాదుకుంటారు. నిజానికి అక్కడి సంసారం బరువు కూరగాయల సంచీలో లేదు.

అమెరికా ప్రభుత్వ లెక్కల ప్రకారం 2023లో ఒక కుటుంబపు సగటు ఖర్చు ఏడాదికి 77,280 డాలర్లు. అందులో తిండికి సుమారు 13 శాతం. ఇంటికి 33, రాకపోకలకు 17, వైద్యానికి 8. అంటే నూటికి యాభై వంతులు ఇల్లూ, కారూ కలిసి తినేస్తాయి. ఎడిసన్‌లో చాలా వీధుల నుంచి అంగడికి నడిచి పోలేము. భార్యాభర్తలిద్దరూ ఉద్యోగస్తులైతే తరచు రెండు కార్లు, వాటికి రెండు బీమాలు.

న్యూజెర్సీలో వంట సరుకులకూ, మామూలు దుస్తులకూ అమ్మకం పన్ను లేదు. కాని ఇంటి మీద పన్ను 2023లో రాష్ట్రం మొత్తానికి సగటున 9,000 డాలర్లు దాటింది. అందులో సుమారు సగం బడులకే పోతుంది. మనం బడికి కట్టే ఫీజును వారు ఇంటి పన్నులో కడుతున్నారన్నమాట.

ఇక మన పద్దు చూద్దాం. 2023-24 జాతీయ సర్వే ప్రకారం మన పట్టణాల్లో మనిషికి నెలసరి ఖర్చు సగటున 6,996 రూపాయలు, గ్రామాల్లో 4,122. తిండి వాటా పట్టణాల్లో సుమారు 40 శాతం, గ్రామాల్లో 47. అద్దె వాటా పట్టణాల్లోనూ 7 శాతం లోపే. కారణం, సొంత ఇంట్లో ఉండేవారు తమకు తాము అద్దె కట్టుకోరు, సర్వే కూడా దాన్ని లెక్కించదు. తాతగారు కట్టిన ఇల్లు మనకు ప్రతినెలా ఎంత మిగులుస్తున్నదో ఏ పద్దులోనూ కనబడదు.

ఆదాయం పెరిగేకొద్దీ ఖర్చులో తిండి వాటా తగ్గుతుందని జర్మన్ గణాంకవేత్త ఎర్నెస్ట్ ఎంగెల్ 1857లోనే చెప్పాడు. అయితే తిండి దగ్గర తగ్గిన వాటా అంతా చేతిలో మిగులుతుందని కాదు.

బ్యాంకు కౌంటరు దగ్గర నేను తరచు వినే మాట ఒకటుంది: "మావాడి జీతం నెలకు ఇన్ని లక్షలు, పంపేది మాత్రం ఇంతే." జీతాన్ని రూపాయల్లోకి గుణించినవారు ఇంటి వాయిదాను, కారు బీమాను, శిశు సంరక్షణ ఖర్చును కూడా గుణించి చూడాలి. ఈ ఒక్క లెక్క వేయకపోవడం వల్ల అన్నదమ్ముల మధ్య మాటలు ఆగిపోయిన ఇళ్ళున్నాయి.

పిల్లలకూ ఒక మాట. ఇక్కడ బియ్యం చవకే, కాని అమ్మానాన్నల మందుల చీటీ చవక కాదు. ఈసారి సెలవుల్లో కలిసినప్పుడు రెండు పద్దులూ ఒకే బల్ల మీద పరచి చూసుకోండి.